రందా తన పెట్టెలోనే చిక్కుకుంది

మొదటి శనివారం

మూడు వారాలుగా తుప్పు వదలగొడుతూ వచ్చిన, చెక్కను చిత్రిక పట్టే పాత రందా ఇవాళ మొదటిసారి సరిగ్గా పొట్టు తీసింది. ఉల్లిపొర లాంటి పొట్టు. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని కాసేపు మురిసిపోయాను. తర్వాత రందాను మళ్లీ పాత బనియన్ గుడ్డలో చుట్టబోతే నాకే ఎలాగో అనిపించింది. ఇంత చాకిరీ చేసి చివరికి మూటకట్టి అటక మీద పడెయ్యడమా? దీనికో పెట్టె చెయ్యాలి.

ఇది బాబాయి చేతి పనిముట్టు. స్టాన్లీ నంబర్ 4, అంటే చివరి నునుపు తేల్చే చిన్న రందా. బ్లేడు ఆనుకునే వాలు ముక్కను ఫ్రాగ్ అంటారు. దాని వెనక ఇనుప ఒంటి మీద మూడు పేటెంట్ తేదీలు పోతపోసి ఉన్నాయి: 1902 మార్చి 25, 1902 ఆగస్టు 19, 1910 ఏప్రిల్ 19. పాత రందాలు సేకరించేవాళ్లు ఈ మూడు తేదీలను, పొట్టిగా ఉండే ముందు గుబ్బను చూసి దీన్ని టైప్ 11 అంటారు. అంటే 1910-1918 మధ్యలో ఎప్పుడో పుట్టింది. బ్లేడును మరచక్రంతో ముందుకూ వెనక్కూ జరిపే ఏర్పాటు లెనార్డ్ బెయిలీ అనే ఆయన బుర్రలోంచి వచ్చింది. ఆయన పేటెంట్లను స్టాన్లీ వాళ్లు 1869లో కొనుక్కున్నారు. వందేళ్లు దాటినా ఆ మరచక్రం వేలి కొనతో తిరుగుతోంది.

కొలతలు తీసుకున్నాను. పొడవు 238 మి.మీ., అడుగు వెడల్పు 63. ఎత్తు దగ్గర చిన్న చిక్కు వచ్చింది. వెనక హ్యాండిల్ కొన 128 దగ్గర ఉంది. బ్లేడు పైకొన 115 దగ్గరే ఆగింది. హ్యాండిలే ఎత్తు కాబట్టి 130కి పెట్టె చేస్తే చాలనుకుని పుస్తకంలో రాసేశాను కూడా. రాత్రి పడుకున్నాక వెలిగింది. ఈ బ్లేడు నూరీ నూరీ సగం అరిగిపోయింది! కొత్త బ్లేడు దీనికన్నా 20 మి.మీ. పొడుగుంటుంది. బ్లేడు కూర్చునేది 45 డిగ్రీల వాలులో కనుక 20 మి.మీ. పొడుగు పెరిగితే ఎత్తు 14 పెరుగుతుంది. 115కి 14 కలిపితే 129. హ్యాండిల్ కన్నా ఒక్క మిల్లీమీటరు ఎక్కువ. రేపెప్పుడో బ్లేడు మార్చిన రోజున మూత దానికి తగిలి చచ్చేది. లేచి లైటేసి 130 కొట్టేసి, లోపలి ఎత్తు 146 అని రాశాను. అందులో 10 మి.మీ. అడుగున పెట్టే పట్టీలకు పోతుంది.

ఆదివారం

ఇవాళంతా కాగితం మీదే. బయట చూసే పెట్టెల్లో ఎక్కువ భాగం రందా ఆకారానికి లోపల అచ్చుగుద్దినట్టు గుంట చెక్కి, మెత్తటి గుడ్డ అంటించి ఉంటాయి. ఫోటోకి బాగుంటుంది. నాకు నచ్చలేదు. ఇనుముకు నాలుగు పక్కలా చెక్క, గుడ్డ అంటుకుని ఉంటే గాలి ఎక్కడ ఆడుతుంది? తేమ చేరితే పోయే దారి ఉండదు.

నేననుకున్నది ఇది. పెట్టె అడుగున అడ్డంగా రెండు చెక్క పట్టీలు. ఒకటి రందా ముక్కు కింద, ఇంకోటి మడమ కింద. రందా ఆ రెండిటి మీదే ఆనుతుంది. బ్లేడు దిగి ఉన్నా దాని కింద ఖాళీయే కాబట్టి దేనికీ తగలదు. అడుగంతా గాలి తగులుతుంది. అటూ ఇటూ జరగకుండా పక్కన చిన్న దిమ్మలు. మూత గాడిలో జారేది. బందులూ గడియా అక్కర్లేదు. లోపలి కొలత 262, 82, 146.

చెక్క సంగతి కూడా తేల్చాలి. ఓక్ పెట్టె చూడముచ్చటగా ఉంటుంది కానీ ఓక్‌లో ఉండే టానిన్ అనే వగరు పదార్థం, ఆ చెక్క వదిలే ఎసిటిక్ ఆమ్లం ఇనుముకు పడవు. ఈ గొడవ మ్యూజియం వాళ్లకు బాగా తెలుసు. షోకేసులో వాడే చెక్క, గుడ్డ, జిగురు లోపలి వస్తువుల్ని తినేస్తాయేమో చూడ్డానికి బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ 1973లో ఒక పరీక్ష పెట్టాడు. వెండి, రాగి, సీసం ముక్కల్ని ఆ సామాగ్రితో పాటు సీసాలో బిగించి, కొంచెం తేమ ఉంచి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు వదిలేస్తారు. తర్వాత లోహం మొహం చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఆడీ టెస్ట్ అనే పేరుతో ఇప్పటికీ నడుస్తోంది.

నా దగ్గర 60 డిగ్రీల పొయ్యీ లేదు, సీసమూ లేదు. నాలుగు గాజు సీసాలున్నాయి, బోలెడు మేకులున్నాయి. మేకుల్ని ఎమరీ పేపర్‌తో తళతళలాడేలా రుద్ది, ఒక్కో సీసాలో ఒకటి వేశాను. వాటితో పాటు మొదటిదాంట్లో టేకు పొట్టు, రెండోదాంట్లో ఓక్ తుంపు, మూడోదాంట్లో ఉన్ని ఫెల్ట్ ముక్క, నాలుగోదాంట్లో తోలు ముక్క. అన్నిట్లో తడి దూది. మూతలు బిగించి కిటికీ గట్టు మీద పెట్టాను. రెండు వారాలు ముట్టుకోను.

బుధవారం సాయంత్రం

చెక్క దొరికింది. పాత టేకు తలుపు పలక, 15 మి.మీ. మందం. ఎన్నో ఏళ్లుగా ఎండింది కనుక ఇక పచ్చిదనం అన్న మాటే లేదు. మీద మూడు పొరల పెయింట్. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు కాబట్టి ఉప్పు కాగితం పెట్టి దుమ్ము లేపలేదు. పెయింట్ రిమూవర్ పూసి, పేస్టులా ఉబ్బాక రేకుతో గీకి, ఆ చెత్తంతా కవర్లో కట్టేశాను. కింద నుంచి బయటపడ్డ రంగు చూస్తే చాకిరీ మర్చిపోయాను.

ఆ ఉత్సాహంలోనే తప్పు చేశాను. ఈ రందా పెట్టెకు ఈ రందాతోనే చిత్రిక పట్టాలని నాకో పంతం. గబగబా పలక బిగించి నాలుగు తోపులు తోశాను. అయిదో తోపుకు టక్కుమంది. చెయ్యి ఆగిపోయింది. చెక్కలో తల తెగిన మేకు ఒకటి, రంగు కలిసిపోయి కనపడకుండా ఉంది.

బ్లేడు తీసి చూస్తే అంచున చిన్న నొక్కు. వేలికి తెలియదు, కంటికి తెలుస్తుంది. ఇక ఆ బ్లేడు ఎక్కడ తోసినా చెక్క మీద దారంలా సన్నటి ఉబ్బు గీత వదులుతుంది. నొక్కున్నంత మేర చెక్క తెగదు కదా. అద్దంలా వచ్చిన చెక్క మీద ఆ ఒక్క గీత ఎంత చిరాకు పెడుతుందో చూసినవాళ్లకే తెలుస్తుంది.

అయస్కాంతం సొరుగులోనే ఉంది. తీసి పలకంతా తిప్పితే ఇంకో మూడు చోట్ల అతుక్కుంది. అదేదో ముందే చేసి ఉంటే పోయేది.

గురు, శుక్రవారాలు

నొక్కు పోయేదాకా అంచు వెనక్కి నూరడం. 25 డిగ్రీలకు దిద్ది, చివర 30 డిగ్రీలకు సన్నని అంచు. అరిగిన బ్లేడు మరో అర మిల్లీమీటరు అరిగింది. కొత్త బ్లేడు రోజు కాస్త దగ్గరపడింది.

మేకులు నాలుగూ తవ్వి తీశాను. కన్నాలున్న భాగం వదిలేసి ముక్కలు గీసుకున్నాను. సరిపోయింది, కానీ వెంట్రుకవాసిలో.

రెండో శనివారం

15 మి.మీ. పలకల్ని 11కి దించడం. పెద్ద జాక్ రందాతో ముందు నారకు ఏటవాలుగా కొట్టి, మెలిక తీసి, చివరికి నంబర్ 4తో నునుపు చేశాను. మెలిక చూడ్డానికి పలక రెండు కొసల్లో రెండు సమానమైన పట్టీలు నిలబెట్టి, కన్ను కిందికి దించి ఒక పట్టీ అంచు మీదుగా ఇంకోదాన్ని చూస్తే చాలు. రెండంచులూ సమాంతరంగా లేకపోతే పలక మెలిక తిరిగినట్టే. నా పలక ఒక మూల దాదాపు ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) లేచి ఉంది.

టేకు చేతికి మెత్తగా తగులుతుంది కానీ బ్లేడును మాత్రం తినేస్తుంది. చెక్కలో ఇసుకలో ఉండే సిలికానే ఉంటుంది. అరగంటకోసారి నూరుకోవాల్సి వచ్చింది. బ్లేడు మొద్దుబారుతోందని చెవే ముందు చెబుతుంది. సర్రుమనే చప్పుడు మారి గరగరలాడుతుంది. ఆ తర్వాత ఇంకో పది తోపులు బలవంతంగా తోస్తే నార లేచిపోతుంది, మళ్లీ మొదటికి. ఒక పక్క పలకకు అలాగే లేచింది. ఆ ముఖాన్ని లోపలికి తిప్పేశాను, ఎవరికీ చెప్పకండి.

సాయంత్రానికి బల్ల కింద మోకాలి లోతు పొట్టు. టేకు వాసన గదంతా.

ఆదివారం, మళ్లీ సోమవారం రాత్రి

డవ్‌టెయిల్ జాయింట్లు, అంటే పావురం తోకలా విచ్చుకున్న పళ్లు ఎదుటి పలక పళ్ల మధ్య దిగి మూలను పట్టి ఉంచే అతుకులు. మూలకు మూడు తోకలు, వాలు 1:8. పొడుగు పక్క పలకలకు తోకలు, రెండు కొసల్లో ఉండే చివరి పలకలకు ఆ తోకల మధ్య దిగే పిన్నులు. రంపం గీతకు బయటి వైపు, అంటే పారేసే ముక్క వైపు నడిపి, మిగిలింది ఉలితో సవరించాను. రెండు మూలలు చేతి ఒత్తిడికే దిగాయి. మూడోది కొయ్య సుత్తి అడిగింది. నాలుగోదాని గురించి మాట్లాడను. అందులో రెండు చోట్ల సన్నటి చీలికలు పెట్టి జిగురుతో కూరాల్సి వస్తుంది.

తర్వాత గాడి. అడుగు పలకకు కింద ఒకటి, మూతకు పైన ఒకటి. లోతు 4 మి.మీ. గాడి రందాను ఈ కొస నుంచి ఆ కొసకు హాయిగా తోసుకుంటూ పోయాను. నాలుగు పలకలూ తోశాక మూలలు కూర్చి చూస్తే, చివరి పలకల బయటి ముఖం మీద చిన్న చిన్న చదరపు కన్నాలు కనిపించాయి. తోక మీదుగా గాడి చివరిదాకా పోతే ఆ తోక కొస బయటికి కనపడేదే కదా, గాడి కూడా బయటపడుతుంది. కింద నాలుగు, పైన మూత వెనక వైపు రెండు. మొత్తం ఆరు ఎలక బొరియలు. పక్క పలకల్లో గాడిని కొసకు ముందే ఆపాలి. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా తోశాను, ఎందుకంటే తోస్తుంటే అంత బాగుంది.

ఆరు చిన్న టేకు బిళ్లలు కోసి, నార దిశ కలిసేలా పెట్టాను. పూత పడ్డాక వెతికితే తప్ప కనపడవు. వెతికేవాళ్లు ఎలాగూ వెతుకుతారు.

గురువారం

జిగురు రోజు. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక జిగురు సరిగా పట్టదంటారు. అతికించే ముందు ప్రతి జాయింటునూ ఎసిటోన్ గుడ్డతో తుడిచాను. గుడ్డ పసుప్పచ్చగా వచ్చింది. ఎసిటోన్ ఆరగానే, నూనె మళ్లీ పైకి రాకముందే తెల్ల పీవీఏ (పాలీవినైల్ ఎసిటేట్) జిగురు రాసి బిగించాను. రెండు కర్ణాలు కొలిస్తే ఒక మిల్లీమీటరు తేడా వచ్చింది. క్లాంపును కాస్త ఏటవాలుగా జరిపి లాగితే సమానమయ్యాయి.

అడుగు పలకకు జిగురు లేదు. గాడిలో వదులుగా కూర్చుంటుంది. ఉబ్బినా కుంచించుకున్నా దాని ఇష్టం.

మూడో ఆదివారం – సీసాలు

రెండు వారాలు అయ్యాయి. మూతలు తీశాను.

ఓక్ సీసాలో మేకు ఎర్రగా పొలుసులు కట్టి ఉంది. ఆనుకున్న చోట ఓక్ నల్లబడింది, సిరా చుక్క పడ్డట్టు. తోలు సీసాలో మేకు మీద చుక్కలు చుక్కలుగా తుప్పు. టేకు సీసాలో ఒక కొస కాస్త మసకబారింది, అంతే. ఫెల్ట్ సీసాలో మేకు దాదాపు వేసినట్టే ఉంది.

నేను ఎగిరి గంతేశాను. టేకు పాసు, ఫెల్టూ పాసు. పట్టీల మీద పల్చటి ఫెల్ట్ అతికిస్తే రందా అడుగుకు గీతలు పడవు, చూడ్డానికీ సొంపుగా ఉంటుంది. మొదట గుడ్డే వద్దనుకున్న మనిషిని, సీసా చూడగానే మాట మార్చేశాను.

ఈ పేజీ పక్కన తర్వాత ఎర్ర ఇంకుతో రాసుకున్నది: పొట్టు పరీక్షించావు, ఓక్, తోలు, ఫెల్ట్ అన్నీ పరీక్షించావు, జిగురు సంగతి ఏమైందిరా?

ఆ వారమంతా

పట్టీలు బిగించడం. ఇత్తడి స్క్రూలు వాడాను. మొదటిది సగం దిగి, తల పుటుక్కున తెగి స్క్రూడ్రైవర్‌తో పాటు వచ్చేసింది. ఇత్తడి మెత్తన, టేకు గట్టి. ముందు అదే సైజు ఉక్కు స్క్రూ దింపి మరదారి చేసుకుని, దాన్ని తీసి ఇత్తడిది వేయాలి. మిగతా మూడూ అలాగే దిగాయి. తెగినదాని మొండెం లోపలే ఉండిపోయింది.

లోపలా బయటా లక్కతో చేసే షెల్లాక్ పల్చగా రెండు పూతలు. లోపల అవిసె నూనె వద్దనుకున్నాను. మూసిన పెట్టెలో అది నెలల తరబడి ముక్క వాసన కొడుతుంది, ఆరుతూ ఆమ్లాలు కూడా వదులుతుంది.

మూత మందం 6 మి.మీ., వెడల్పు గాడుల మధ్య 90కి కాస్త తక్కువ. అటూ ఇటూ కలిపి 0.3 మి.మీ. సందు ఉంచాను. గాడిలో పెట్టి వేలితో నెడితే నూనె రాసినట్టు జారింది. మూస్తుంటే లోపలి గాలి మెల్లగా తప్పుకుంటున్న ఊపిరి చప్పుడు. ఓ ఇరవై సార్లు మూసీ తీసీ విన్నాను. ఇంట్లోవాళ్లు వచ్చి ఆ శబ్దం ఆపమన్నారు.

పట్టీల మీద ఫెల్ట్ అతికించాను. పీవీఏతోనే. మూడు రోజులు ఆరబెట్టి, రందా అడుగు తుడిచి, లోపల పెట్టి మూత మూశాను. ఫోటో తీసి బాబాయికి పంపాను.

అయిదో శనివారం

వారం రోజులుగా వాన వదలట్లేదు. గదిలో తేమ మీటరు 60 నుంచి 85కి ఎక్కింది. ఇవాళ ఒక స్టూలు పలకకు నునుపు పట్టాలి. పెట్టె తీశాను. మూత రాలేదు.

బొటనవేలితో నెట్టాను. అరచేత్తో నెట్టాను. మోకాళ్ల మధ్య పెట్టి రెండు చేతులతో నెట్టాను. కదల్లేదు. మూత అంచులు కాస్త చిత్రిక పడితే సరిపోతుంది, రెండు నిమిషాల పని అనుకుంటూ రందా కోసం చెయ్యి చాచాను.

రందా పెట్టెలో ఉంది.

జాక్ రందా ఉందనుకోండి, కానీ గాడిలో ఇరుక్కున్న మూత అంచును ఏ రందాతో అందుకోవాలి? బయటికి వస్తేనే గానీ చిత్రిక పట్టలేం, చిత్రిక పడితేనే గానీ బయటికి రాదు. బాబాయికి ఫోన్ చేశాను.

"ఏరా, పెట్టె అయిందా?"

"అయింది బాబాయ్. రందా లోపలే ఉంది."

"మంచిది. తీసి పని చేస్కో."

"మూత రావట్లేదు."

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత నవ్వు, ఆ తర్వాత దగ్గు.

"సందు ఎంత పెట్టావు?"

"0.3."

"మిల్లీమీటర్లలో నాకు చెప్పకు. గోరు దూరుద్దా?"

"దూరదు."

"మరింకేం? సుత్తి మాత్రం పట్టుకోకు. అది తాగిన నీళ్లు అదే కక్కుతుంది, నాలుగు రోజులు ఆగు."

ఫోన్ పెట్టేశాక లెక్క వేశాను. ఈ లెక్క గాడి తీయకముందే వేసి ఉండాలి. టేకు తక్కువ కదిలే చెక్కల్లో ఒకటి. అయినా మాను వలయాల వెంట కోసిన పలకలో, చెక్క లోపలి తేమ 1 శాతం మారితే వెడల్పు వెయ్యికి దాదాపు 1.9 వంతులు మారుతుంది. 90 మి.మీ. మూత 5 శాతం తేమ తాగితే సుమారు 0.8 మి.మీ. ఉబ్బుతుంది. నేనిచ్చింది 0.3.

ఉబ్బేది మూత ఒక్కటే అన్నది ఇందులో అసలు మెలిక. రెండు గాడుల మధ్య దూరాన్ని పట్టి ఉంచేది చివరి పలకల పొడవు. వాటి నార ఆ దిశలోనే నడుస్తుంది, చెక్క నార పొడవునా దాదాపు కదలదు. మూత నార పెట్టె పొడవునా ఉంది కనుక దాని వెడల్పు నారకు అడ్డం. పెట్టె నోరు అలాగే ఉంటుంది, నాలుక మాత్రం లావెక్కుతుంది.

ఆది నుంచి బుధ

పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పెట్టెను, దాని చుట్టూ సిలికా జెల్ సంచులను పెట్టి మూత బిగించాను. నారింజ రంగు గింజలు తేమ తాగి పచ్చబడితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. రెండు సార్లు మార్చాను. తొందరపెట్టడానికి హెయిర్ డ్రయ్యర్ గుర్తొచ్చింది కానీ ఒక పక్కే ఎండితే మూత గిన్నెలా వంగుతుంది. ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు చేతనైన పని కాదు. రోజుకు నాలుగు సార్లు డబ్బా తెరిచి నెట్టి చూశాను, తెరిచినప్పుడల్లా బయటి తేమ లోపలికి పోతుందని తెలిసి కూడా.

బుధవారం రాత్రి బొటనవేలి కింద కిర్రుమని ఓ వెంట్రుకవాసి కదిలింది. తర్వాత అంగుళం. తర్వాత మొత్తం.

రందా బయటికి తీసి తిరగేశాను. అడుగు మీద, ముక్కు దగ్గర ఒకటి, మడమ దగ్గర ఒకటి, అడ్డంగా రెండు గోధుమరంగు చారలు. స్కేలు పెట్టి గీసినట్టు, సరిగ్గా పట్టీల వెడల్పున. వాటి మధ్య గాలి తగిలిన భాగం మెరుస్తోంది. ఫెల్ట్ వేసిన చోటే తుప్పు పట్టింది.

నా సీసాలో ఫెల్ట్ పొడిగా, జిగురు లేకుండా ఉంది. పెట్టెలో దాని కింద పీవీఏ. ఆ జిగురు పేరులోనే ఎసిటేట్ ఉంది. ఆరుతున్నన్ని రోజులూ కాస్త కాస్త ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, నీరు సరేసరి. ఫెల్ట్ స్పాంజిలా ఆ రెండూ పట్టి ఉంచి ఇనుముకు ఆనించింది. పైన మూత బిర్రుగా బిగుసుకుంది. గాలి ఆడాలని పట్టీలు పెట్టింది నేనే, వాటి మీద తడిగుడ్డ పరిచిందీ నేనే.

చారలు లోతుగా పోలేదు. సన్నటి ఎమరీ పేపర్‌ను గాజు పలక మీద పరిచి, రందాను దాని మీద పది సార్లు జరిపితే రంగు పోయింది. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే మడమ దగ్గర చార నీడ ఇంకా కొంచెం కనపడుతుంది. అది ఉండనీ.

గురువారం

ఫెల్ట్ పీకేశాను. పట్టీల మీది జిగురును ఉలితో గీకి, షెల్లాక్ వేసి, ఆరాక మైనం రుద్దాను. ఇక రందా నేరుగా నున్నటి టేకు మీదే ఆనుతుంది. గీతలు పడతాయని భయపడ్డాను గానీ, రోజంతా చెక్క మీద రుద్దుకునే పనిముట్టుకు చెక్క తగిలితే గీతలేమిటి?

మూత పని నంబర్ 4తోనే. చక్రం వెనక్కి తిప్పి బ్లేడును బాగా లోపలికి లాగి, మళ్లీ మెల్లగా దించి, పొట్టు 0.05 మి.మీ. వచ్చేలా పెట్టాను. అటు పది తోపులు, ఇటు పది. మొత్తం ఒక మిల్లీమీటరు. ఇరవై పొట్టు చుట్టలు బల్ల మీద వరసగా పడ్డాయి, కొసలు దొర్లుతూ. మూత అంచులకూ గాడిలోనూ మైనం రాశాను.

ఇప్పుడు ఆ ఊపిరి చప్పుడు లేదు. మూత కొంచెం గలగలలాడుతుంది. పెట్టె వంచితే దానంతట అదే జారి తెరుచుకుంటుంది కూడా. ముందు పలక పైఅంచులో చిన్న ఇత్తడి పిన్ను, మూత కింద దానికి సరిపడా గుంట పెట్టాను. గోటితో మూత కొంచెం ఎత్తి లాగితే వస్తుంది, లేకపోతే రాదు.

జిగురు పూర్తిగా ఆరిందని నమ్మకం కుదిరేదాకా మూత తీసే ఉంచుతాను. మూడు వారాలు అనుకుంటున్నాను. అప్పటిదాకా రందా బల్ల మీదే, అడుక్కి మైనం పూసుకుని. బనియన్ గుడ్డ ఉతికి ఆరేశాను, కప్పడానికి పనికొస్తుంది.

తొమ్మిదో ఆదివారం

రందా లోపలికి వెళ్లి వారమైంది. ఒక మూలన సిలికా జెల్ సంచి, అడుగు పలక మీద తుప్పు పట్టకుండా ఆవిరి వదిలే వీసీఐ కాగితం ఒక ముక్క. ఇవాళ తీసి తిరగేసి చూశాను, చారలు లేవు. గదిలో తేమ 78. మూత వేలితో నెడితే వచ్చింది.

అదనపు బ్లేడు కోసం వదిలిన అర ఇంకా ఖాళీ. తెగిన ఇత్తడి స్క్రూ మొండెం పట్టీలోనే ఉంది. దాని పక్కన ఇంకో స్క్రూ వేశాను కనుక పట్టీ కదలదు. రందా 1.6 కేజీలు, పెట్టె కేజీ పైచిలుకు. ఒంటి చేత్తో ఎత్తితే బరువు తెలుస్తుంది. అటు ఇటు చిన్న చేతిగుంటలు తొలవాలి.

బాబాయి ఇవాళ వచ్చి చూశాడు. మూత నాలుగు సార్లు తీశాడు, మూశాడు. నాలుగో మూల డవ్‌టెయిల్ మీద బొటనవేలు పెట్టి ఓ నిమిషం ఆగాడు. ఏమీ అనలేదు. కింద కూర్చున్నాక సంచిలోంచి తన జాక్ రందా తీసి బల్ల మీద పెట్టాడు. నంబర్ 5, పద్నాలుగు అంగుళాలు.

"దీనిక్కూడా ఒకటి చెయ్యరా. ఈసారి గోరు దూరేట్టు."

తలుపులో ఇంకో పలక మిగిలి ఉంది. అయస్కాంతం తీసి బల్ల మీద పెట్టుకున్నాను.